నాలుగు వైపులా దాడి: పర్ణశాలలో రెండు యుద్ధాలు

రియల్ టైమ్ స్ట్రాటజీ గేములు ఆడేవాళ్ళలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. ఒకేసారి రెండు మూడు వైపుల నుంచి దాడి జరిగితే తట్టుకోవాలంటే చెయ్యి మహా వేగంగా ఆడాలని. నిమిషానికి ఎన్ని క్లిక్కులు, ఎన్ని కీలు అని లెక్కగట్టే కొలత కూడా ఉంది, ఏపీఎం అంటారు. స్టార్‌క్రాఫ్ట్ ఆడే కొరియా కుర్రాళ్ళు అవలీలగా మూడొందలు దాటిస్తారు. నలభై దాటి, మెడనొప్పి మొదలైన నాబోటి సాఫ్టువేరు జీవులు అందులో నాలుగో వంతు చేస్తే గొప్ప. కాబట్టి "మనవల్ల కాదులే" అని చేతులెత్తేస్తుంటాం.

ఈ నమ్మకం తప్పని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే భద్రాచలం దగ్గరి పర్ణశాల దాకా వెళ్ళాలి. కంగారు పడకండి, ఇదేమీ పురాణ కాలక్షేపం కాదు :-) గేము గురించే.

ముందు ఈ గేములు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చదరంగంలో మీరొక ఎత్తు వేస్తే ఎదుటివాడు ఆలోచించుకుని ఒక ఎత్తు వేస్తాడు. ఇక్కడ వంతులుండవు, గడియారం ఎవరి కోసమూ ఆగదు. ఉదాహరణకి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం తీసుకోండి. 1999లో వచ్చింది, 2019లో కొత్త రంగులద్దుకుని మళ్ళీ వచ్చింది. మేం నలుగురం మిత్రులం ఇప్పటికీ శనివారం రాత్రుళ్ళు అదే ఆడతాం. కొద్దిమంది పనివాళ్ళతో మొదలవుతుంది. వాళ్ళు కట్టెలు కొట్టాలి, పొలం చెయ్యాలి, బంగారం, రాయి తవ్వాలి. ఆ రాబడితో సైన్యం, కోటలు. ఊరి నడుమ టౌన్ సెంటర్ ఉంటుంది, కొత్త పనివాళ్ళు అందులోంచే పుడతారు. మ్యాపు చాలా పెద్దది, తెరమీద ఒకసారికి కనిపించేది మాత్రం అందులో చిన్న ముక్క. మిగతాదంతా మూలన ఉండే చిట్టి మ్యాపులో చుక్కలుగా చూసుకోవాలి. మీ వాళ్ళ మీద ఎక్కడైనా దెబ్బ పడితే బాకా మోగుతుంది, చిట్టి మ్యాపులో అక్కడ మెరుస్తుంది.

ఇప్పుడు దాడి చూద్దాం. పడమటి అడవిలో కట్టెలు కొడుతున్నవాళ్ళ మీద శత్రువు గుర్రాలు ఐదు వచ్చి పడ్డాయి. మీరు సైన్యాన్ని అటు తోలారు. వాళ్ళు చేరేలోపు ఒక పనివాణ్ణి చంపి గుర్రాలు పారిపోయాయి. ఈలోగా తూర్పున బంగారు గని దగ్గర బాకా. అటు పరుగు. అక్కడ ఇద్దరు పోయారు. మళ్ళీ పడమర. ఇలా రెండు నిమిషాలు గడిచాయి. చివర్లో లెక్క చూసుకుంటే పోయింది ముగ్గురే కదా, పరవాలేదు అనిపిస్తుంది.

అసలు లెక్క వేరే ఉంది. ఒక పనివాడు పుట్టడానికి 25 సెకన్లు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ మీరు టౌన్ సెంటర్ వైపు తిరిగి చూడలేదు. మీకు మూడు టౌన్ సెంటర్లుంటే, ఒక్కో దానిలో నలుగురు ఐదుగురు చొప్పున, దాదాపు పద్నాలుగు మంది పుట్టాల్సినవాళ్ళు పుట్టలేదు. శత్రువు కత్తితో చంపింది ముగ్గుర్ని. మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి పుట్టకుండా చేసింది పద్నాలుగు మందిని. ఈ రెండో అంకె గేము ముగిశాక కూడా చాలామందికి కనిపించదు. "నేను బాగానే కాపాడుకున్నానే, మరి వాడి సైన్యం అంత పెద్దదెలా అయింది?" అని ఆశ్చర్యపోతారు.

అంటే నాలుగు వైపుల దాడి మీ కట్టెల మీదా కాదు, బంగారం మీదా కాదు. మీ చూపు మీద. మనిషికున్నది ఒక్క చూపు. గోడలెన్ని కట్టినా, సైన్యం ఎంత పెంచినా చూపు రెండవదు.

"అదే కదండీ మేం చెప్పేది, వేగం ఉంటే చూపుని గబగబా తిప్పొచ్చు కదా" అంటారేమో. దానికి జవాబు 2019లో ఒక యంత్రం ఇచ్చింది.

గూగుల్ వాళ్ళ డీప్‌మైండ్ సంస్థ స్టార్‌క్రాఫ్ట్ రెండో భాగం ఆడటానికి ఆల్ఫాస్టార్ అనే ప్రోగ్రాం తయారుచేసింది. 2019 జనవరిలో ఆ ఆటల్ని ప్రపంచానికి చూపించారు. టీఎల్ఓ, మానా అనే పేర్లతో ఆడే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళని అది చెరో 5-0తో ఓడించింది. దానికి చేతివేగం సమస్యే లేదు. పైగా ఆ పది ఆటల్లో దానికి మనలాగా తెర ముక్క అడ్డం లేదు, తనవాళ్ళకి కనిపించేంత మేర మ్యాపు మొత్తాన్ని ఒకేసారి చూసింది. తర్వాత ప్రత్యక్ష ప్రసారంలో ఒక్క ఆట, ఈసారి మనలాగే చూపుని తిప్పుకుంటూ ఆడే రకంతో. మానా గెలిచాడు. ఎలా గెలిచాడో చూడండి. వార్ప్ ప్రిజమ్ అనే ఎగిరే వాహనంలో కొద్దిపాటి బలగాన్ని తీసుకెళ్ళి ఆల్ఫాస్టార్ ఊరి వెనక దింపాడు. ఆల్ఫాస్టార్ తన సైన్యాన్ని వెనక్కి తిప్పింది. సైన్యం దగ్గరికి రాగానే మానా తనవాళ్ళని ఎక్కించుకుని గాల్లోకి లేచాడు. సైన్యం ముందుకి కదిలితే మళ్ళీ దింపాడు. అది మళ్ళీ వెనక్కి. ఇలా అది ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, తన ఇంటి దగ్గర అసలు సైన్యాన్ని తీరిగ్గా పెంచుకుని, వెళ్ళి కొట్టేశాడు.

కళ్ళు చెదిరే వేగమున్న యంత్రాన్ని ఓడించింది మరింత వేగం కాదు. పిలిచిన ప్రతిసారీ అది వెళ్ళింది, అంతే. వెళ్ళకుండా ఉండటం దానికి చేతకాలేదు.

ఆ ఆట చూస్తున్నప్పుడు నాకు మా వైపు కథే గుర్తొచ్చింది. పర్ణశాల తెలియనివాళ్ళకి చెప్తాను. భద్రాచలం నుంచి గోదావరి వెంబడి ఎగువకి సుమారు 35 కిలోమీటర్లు వెళ్తే దుమ్ముగూడెం మండలంలో వస్తుంది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, 2016కి ముందు ఖమ్మం జిల్లా. చుట్టూ అడవి, పక్కనే గోదావరి. సీతమ్మ వాగు ఉంటుంది. సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులని అక్కడి రాళ్ళు చూపిస్తారు. అవతలి గట్టు మీద రావణుడి రథం ఆగిందని చెప్పే గుట్ట. వనవాసంలో సీతారాములు కాపురమున్నదీ, మాయలేడి వచ్చిందీ, సీతమ్మని ఎత్తుకుపోయిందీ ఇక్కడేనని మా వైపు నమ్మకం. నాసిక్ వాళ్ళు పంచవటి మాదంటారు. ఆ పంచాయితీలోకి నేను దిగను. నాకు కావలసిందల్లా ఒక్క విషయం: మా వైపు కథ ప్రకారం ఒకే చోట, ఒకే ఇంటి మీద రెండు దాడులు జరిగాయి. ఒకటి 14,000 మందితో వచ్చి ఓడిపోయింది. రెండోది ముగ్గురితో వచ్చి గెలిచింది. ముగ్గురనేది కూడా ఎక్కువే. ఒక లేడి, ఒక గొంతు, ఒక సన్యాసి. లేడీ గొంతూ రెండూ మారీచుడివే.

మొదటి దాడి ఖరదూషణులది. శూర్పణఖ ముక్కుచెవులు పోయాక ఖరుడు ముందు పద్నాలుగు మందిని పంపాడు. వాళ్ళు తిరిగి రాలేదు. అప్పుడు 14,000 మందితో తనే బయల్దేరాడు. వాళ్ళ బూడిద మీద, దుమ్ము మీద వెలసింది కాబట్టే దుమ్ముగూడెం అని పేరొచ్చిందని అక్కడివాళ్ళు చెప్తారు. ఇప్పుడు రాముడు మొట్టమొదట చేసిన పని గమనించండి. బాణం తియ్యలేదు. లక్ష్మణుణ్ణి పిలిచి, సీతని తీసుకుని కొండగుహలోకి వెళ్ళిపొమ్మన్నాడు.

మా శనివారం బ్యాచ్‌లో ఎవరైనా ఇలా చేస్తే తిట్లు తినేవాడే. ఉన్నది ఇద్దరు యోధులు, అవతల పద్నాలుగు వేలు, అందులో సగం సైన్యాన్ని కాపలాకి పెడతావా అని. కానీ ఆ ఒక్క ఆజ్ఞతో రాముడికి ఎన్ని యుద్ధరంగాలు మిగిలాయి? ఒకటే. వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు. కుటీరం తగలబడినా మళ్ళీ కట్టుకోవచ్చు, ఆకులేగా. కాపాడుకోవలసింది ముందే పక్కకెళ్ళింది. చూపు మొత్తం ఎదురుగానే. దూషణుడు, త్రిశిరుడు, చివరికి ఖరుడు, అందరూ అయిపోయారు.

రెండో దాడికి ముందు మంచి గూఢచారి నివేదిక ఒకటుంది. ఆ యుద్ధంలోంచి బతికి లంకకి పారిపోయిన అకంపనుడు రావణుడికి చెప్పింది ఇదీ: రాముణ్ణి ఎదురుపడి గెలవలేం, భార్యని ఎత్తుకురావాలి. అంటే ఇక యుద్ధం వద్దు, కాపలాని కదిలించు అని. ఈ మాటలోనే మల్టీ ఫ్రంట్ దాడి సిద్ధాంతం మొత్తం ఉందని నేనంటాను.

లేడి వచ్చింది. ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. మోసం పసిగట్టలేక ఓడిపోలేదు వాళ్ళు. లక్ష్మణుడు చూడగానే ఇది మారీచుడి మాయ అన్నాడు. రాముడు వెళ్ళినా ఇల్లు వదిలేసి వెళ్ళలేదు. లక్ష్మణుణ్ణి కాపలా పెట్టాడు, జటాయువు అండ కూడా ఉందని గుర్తుచేశాడు. ఒకరు వెళ్తే ఒకరున్నారు. అప్పటికింకా ఏమీ పోలేదు.

పోయింది రెండో పిలుపుతో. "హా సీతా, హా లక్ష్మణా" అని రాముడి గొంతుతో కేక వినిపించింది. అప్పుడు కూడా లక్ష్మణుడికి తెలుసు, అన్నకి ఏమీ కాదని. కదలనన్నాడు. కానీ ఆ తర్వాత సీతమ్మ అన్న మాటలు పడి ఎవరూ అక్కడ నిలబడలేరు. ఇందులో సీతమ్మని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఆ గొంతు చెవిన పడితే ఏ ఇల్లాలైనా అలాగే అంటుంది. ఆ దాడిని తయారుచేసినవాడు లెక్కేసుకుంది కూడా దాన్నే. మొదటి పిలుపు సైన్యాన్ని లాగడానికి, రెండో పిలుపు కాపలాని లాగడానికి. రెండో పిలుపుకి ఆయుధం మాయ కాదు, సిగ్గు. "అవతల మనవాడు చస్తుంటే నువ్విక్కడ కూర్చుంటావా?" అనే మాట.

లక్ష్మణ రేఖ సంగతి కూడా చెప్పుకోవాలి. వాల్మీకి రామాయణంలో అది లేదు, తర్వాతి కథల్లో వచ్చి జనంలో స్థిరపడింది. గేము ఆడేవాళ్ళకి మాత్రం అందులో పనికొచ్చే విషయముంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో గోడ కడతాం, దానికి గేటు పెడతాం. శత్రువు వస్తే తెరుచుకోదు, మనవాళ్ళు దగ్గరికొస్తే దానంతటదే తెరుచుకుంటుంది. అందుకని తెలివైనవాడు గోడ బద్దలుకొట్టడు. గేటు పక్కన రెండు గుర్రాలు పెట్టి నిలబడతాడు. మన పనివాడొకడు కట్టెల కోసం బయటికి రాగానే గేటు తెరుచుకుంటుంది, గుర్రాలు లోపలికి దూరతాయి. రేఖ అవతల భిక్షాపాత్రతో నిలబడ్డవాడు చేసింది ఇంతకన్నా వేరా? గోడ మంచిదే, సందేహం లేదు. లోపలివాళ్ళకి బయటికి రావాల్సిన అవసరం పుట్టించగలిగితే మాత్రం ఏ గోడైనా గేటే.

ఇక జటాయువు. ముసలి పక్షి, రావణుడి ముందు గెలిచే ఆశ లేదు. గేములో అవుట్‌పోస్ట్ అని చిన్న మంచె ఉంటుంది, 25 కట్టెలు 5 రాళ్ళతో కట్టెయ్యొచ్చు. బాణం వెయ్యలేదు, ఎవర్నీ ఆపలేదు, ఊరికే చూస్తుంది. కొత్తవాళ్ళు దండగ అనుకుంటారు. జటాయువు కూడా ఆపలేకపోయాడు, కానీ చనిపోయే ముందు ఎవడు ఎత్తుకుపోయాడో, ఎటు పోయాడో రాముడికి చెప్పాడు. ఆ కబురే లేకపోతే తర్వాతి కథంతా లేదు. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాకని జటాయుపాక అంటారు, ఆ పక్షి పడింది అక్కడేనని. 2014 విభజనలో ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. అంటే ఇల్లు ఒక రాష్ట్రంలో, అవుట్‌పోస్ట్ ఒక రాష్ట్రంలో :-)

సరే, గేములో దీన్ని వాడుకోవడమెలా? నేను పాటించేవి ఇవీ.

ఒకటి, దాడి రాకముందే ఏ చోట్లు తమని తామే కాపాడుకోగలవో చూసుకోవడం. టౌన్ సెంటర్ గంట కొడితే పనివాళ్ళు లోపలికి దూరతారు, పదిహేను మంది దాకా పడతారు, లోపల జనం పెరిగేకొద్దీ బాణాలు పెరుగుతాయి. ఐదు గుర్రాల కోసం సైన్యం రానక్కర్లేదు. కట్టెల గోడ ఒక వరుస వేసినా చాలు. అది దాడిని ఆపకపోయినా అర నిమిషం కొనిపెడుతుంది. కొండగుహ ముందే చూసిపెట్టుకోవాలన్నమాట.

రెండు, బాకా మోగగానే వెళ్ళడం కాదు, చూడటం. వచ్చింది ఎంతమంది? మా నలుగురి ఆటలో ఒకడికి దెబ్బ పడగానే మైకులో గోల మొదలవుతుంది. "ఒరేయ్ రారా, నేను చచ్చిపోతున్నా!" "ఎంతమంది వచ్చార్రా?" "చాలామంది రా!" "లెక్కపెట్టి చెప్పు." కాసేపాగి, "ఆరుగురు." ఈ ఒక్క ప్రశ్న మమ్మల్ని ఎన్ని ఆటల్లో కాపాడిందో. గొంతుని బట్టి దాడి పెద్దదో చిన్నదో తెలీదు, అంకెని బట్టే తెలుస్తుంది.

మూడు, ప్రతి చోటుకీ ఒక ధర కట్టుకోవడం. కట్టెల కొట్టు ధర వంద కట్టెలు. దాన్ని కాపాడటానికి సైన్యం నడిచి వెళ్ళి రావడం అంతకన్నా ఖరీదైతే వదిలెయ్యాలి. వదిలెయ్యడం నేర్చుకోనివాడికి నాలుగు వైపుల దాడిలో గెలుపు లేదు. మనవాళ్ళు "అన్నీ పోగొట్టుకున్నాడు" అని దిగులుపడతారు గానీ, "అన్నీ కాపాడబోయాడు" అన్నది కూడా అంత ప్రమాదకరమే.

నాలుగు, ఎదుటివాడికీ ఉన్నది ఒక్క చూపే అని గుర్తుపెట్టుకోవడం. సైన్యాన్ని మూడు ముక్కలు చేసింది వాడు. ఒక్కో ముక్క మన మొత్తం కన్నా చిన్నది. మనం నడుమ ఉన్నాం, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి మన దారే దగ్గర. యుద్ధశాస్త్రంలో దీని మీద పెద్ద పుస్తకాలే ఉన్నాయి, మనకి మాత్రం శ్రీకృష్ణదేవరాయలు చాలు. 1509లో గద్దెనెక్కేనాటికి ఉత్తరాన బహమనీ సుల్తానులు, దక్షిణాన ఉమ్మత్తూరు తిరుగుబాటు, తూర్పు తీరంలో గజపతులు. ఆయన ముగ్గురి మీదకీ ఒకేసారి పోలేదు. ముందు మీదికొచ్చిన సుల్తానుల్ని తిప్పికొట్టాడు, తర్వాత ఉమ్మత్తూరు పని పట్టాడు, ఇల్లు చక్కబడ్డాక 1513లో ఉదయగిరి ముట్టడికి కదిలాడు. కొండవీడు 1515లో చిక్కింది. తీరప్రాంతం అప్పటిదాకా గజపతుల చేతిలోనే ఉంది, ఉండనిచ్చాడు. ఆ ఓపిక గురించి మన సినిమాల్లో ఎవరూ పాట రాయలేదు!

ఇవన్నీ చెప్పడం తేలిక, బాకా మోగుతున్నప్పుడు పాటించడం కష్టం. లక్ష్మణుడికి మాత్రం తెలియకా? అందుకే నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఇంకొకటుంది: ఎప్పుడు కదలాలో, ఎవరు కదలకూడదో ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి.

దీనికి కూడా మా వైపే ఉదాహరణ ఉంది, ఈసారి పురాణం కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఖమ్మం వైపు చిన్నపిల్లలకి కూడా ఈ మూడంకెలూ నోటికొచ్చు. వరద ఒక్క వైపు నుంచి రాదు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి నీళ్ళు తెస్తాయి. దిగువన కూనవరం దగ్గర శబరి కలుస్తుంది, అది కూడా పొంగి ఉంటే గోదావరికి కిందికి పోవడానికి దారి ఇరుకవుతుంది. వాగులు వెనక్కి తన్నుతాయి. పర్ణశాలలో సీతమ్మ వాగు, నారచీరల ప్రాంతం మునిగిపోతాయి. తూరుబాక దగ్గర రోడ్డు మీదికి నీళ్ళొస్తే దుమ్ముగూడెం, చర్ల వైపు రాకపోకలు ఆగిపోతాయి. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3.

అలాంటి రాత్రి నాలుగు చోట్ల నుంచి ఫోన్లొస్తాయి. అందరూ నిజంగానే ఆపదలో ఉంటారు, అందరి గొంతూ రాముడి గొంతే. అప్పుడు కూర్చుని "ఇది పెద్ద వరదా, చిన్న వరదా" అని చర్చ పెట్టుకుంటే తెల్లారిపోతుంది. అందుకే చర్చ ఎండాకాలంలోనే జరగాలి. ఏ గీత తగిలితే ఏం చెయ్యాలి, ఏ ఊళ్ళు ముందు ఖాళీ చేయించాలి అన్నది ముందే రాసి ఉండాలి. రాత్రి రెండు గంటలకి చూడాల్సింది కొలబద్ద మీది అంకె ఒక్కటే. 43, 48, 53 అనేవి నా దృష్టిలో నది కొలతలు మాత్రమే కావు, ముందే తీసుకున్న నిర్ణయాలు. బెదురు లేనప్పుడు తీసుకున్నవి.

ఇప్పుడు నా వృత్తికొస్తాను. నాకు తెలిసిన ఒక కంపెనీలో (పేరెందుకులెండి) పండగ సేల్ రాత్రి జరిగింది ఇది. నేను పక్క టీములో ఉండి చూశాను. ఒక పెద్ద క్లయింటు పేజీ నెమ్మదించిందని ఫోను. కాన్ఫరెన్స్ కాల్ తెరిచారు. ఒకరి తర్వాత ఒకరు, పద్దెనిమిది మంది చేరారు. ఆ రాత్రి డేటాబేసు చూసుకోవాల్సిన అమ్మాయి ఒకామె, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, "ఆ పేజీ సమస్య ఇటు కాదండీ, నేను ఇక్కడే ఉంటాను, డిస్కు పెరుగుతోంది" అంది. ఒక పెద్దాయన గట్టిగా అరిచాడు. "అవతల ఇల్లు తగలబడుతుంటే నీకు గ్రాఫులు కావాల్సొచ్చాయా? బాధ్యతుందా అసలు?" ఆ మాట పడ్డాక ఏ కొత్త ఉద్యోగి నిలబడుతుంది? కాల్‌లోకి వచ్చింది. గంటన్నర తర్వాత డిస్కు నిండి డేటాబేసు ఆగిపోయింది, దాంతో మొత్తం సైటు. నలభై నిమిషాలు. మొదటి పేజీ సంగతంటారా, ఎవరిదో ప్రకటన స్క్రిప్టు నెమ్మదించిందట. తీసేస్తే సరిపోయింది.

మర్నాటి సమావేశంలో మొదటి ప్రశ్న ఆ అమ్మాయికే. "డేటాబేసు నువ్వు చూడాల్సింది కదా, ఎక్కడికెళ్ళావు?" రమ్మని అరిచినాయన ఆ గదిలోనే ఉన్నాడు, నోరు విప్పలేదు. మూడు నెలలకి ఆమె ఉద్యోగం మానేసింది. ఆమెకి తెలియక జరిగిందా? కాదు. వేగం చాలక జరిగిందా? అదీ కాదు. వెళ్ళకుండా ఉండే హక్కు ఆమెకి ఎవరూ రాసివ్వలేదు. నాలుగు వైపుల దాడిలో అన్నిటికన్నా విలువైన మనిషి, పిలిచినా రానివాడు. ఆ మనిషికి మన ఆఫీసుల్లో దక్కే పేరు మాత్రం "టీమ్ స్పిరిట్ లేదు".

ఇప్పుడు మా టీములో రాత్రి డ్యూటీ కాగితం మీద ఒక వాక్యం అదనంగా ఉంటుంది. ఈ రాత్రి ఫలానావారు ఏ కాల్‌లోకీ రారు, మేనేజరుతో సహా ఎవరూ పిలవకూడదు, పిలిచినా రాకపోవడమే వారి పని. దీన్ని పెట్టించడానికి నాకు రెండు నెలల వాదన పట్టింది. "ఒక మనిషి ఖాళీగా కూర్చోడానికి జీతమా?" అన్నారు. ఖాళీగా కాదండీ, గుహ దగ్గర అన్నాను. అర్థమైనవాళ్ళు నవ్వారు, కానివాళ్ళు సంతకం పెట్టారు.

శనివారం ఆటలో కూడా అదే పద్ధతి. నలుగురిలో ఒకడు ఆ రాత్రికి కదలడు. ఆట మొదలవకముందే వాడి పేరు అనుకుంటాం. మిగతా ముగ్గురం ఎంత మొత్తుకున్నా వాడు రాకూడదు, ముందు "ఎంతమంది?" అని అడగాలి, మేం అంకె చెప్పాలి. అంకె ముప్ఫై దాటితేనే వాడు లేస్తాడు. ముప్ఫై ఎందుకంటారా? ఏదో ఒక అంకె ముందే అనుకోవాలి కదా. మీ ఆటలో, మీ ఆఫీసులో ఆ అంకె ఎంతో మీరే చెప్పండి.